తిరుగు దారి బత్తెం

ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారకముందే మా బందరు వీధిలోకి హరిదాసు వచ్చేవాడు. తలమీద అక్షయపాత్ర, చేతిలో తంబుర, కాళ్ళకు గజ్జెలు. మా గుమ్మం ముందు మోకాళ్ళ మీద వంగితే అమ్మ నా చేత దోసెడు బియ్యం పోయించేది. పాత్రలో ఎంత పడిందో ఆయన వీధిలో చూసుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి చేరేదాకా దాన్ని దించేవాడే కాదు. చిన్నప్పుడు నాకది భక్తిగా కనిపించింది. హార్మోనియం పెట్టె మోసుకుంటూ నాలుగు ఊళ్ళు తిరిగాక అందులో లెక్క కూడా కనిపించింది. ఆయన ఇల్లు ఆ గింజల మీద నడిచేది కాదు. మిగతా పదకొండు నెలలూ ఆయనకు వేరే పని ఉండేది. ధనుర్మాసంలో వచ్చేది పై రాబడి.

వాయిద్యం పట్టుకుని విదేశం వెళ్ళాలనుకునేవాళ్ళకు ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ పాత్రలో ఉంది. వీధిలో పడబోయే డబ్బును ప్రయాణం లెక్కలో కలపకండి. పుస్తకంలో ఆ వరసలో సున్నా రాయండి. తిరిగి రావడానికి అయ్యే ఛార్జీని మీ సొంత డబ్బుతో ముందుగా పక్కన పెట్టండి. మిగిలినదాన్ని చూసుకుని, వెళ్ళాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించండి.

ఊళ్ళు తిరగడం మా డెల్టా కళాకారులకు కొత్త కాదు. మొవ్వ క్షేత్రయ్య పదిహేడో శతాబ్దంలో మధుర, తంజావూరు, గోల్కొండ కొలువులు చూసి వచ్చాడు. అవి అప్పట్లో వేర్వేరు రాజ్యాలు, అంటే ఆయన లెక్కన పరదేశాలే. ఎక్కడ ఎన్ని పదాలు చెప్పాడో తనే ఒక పదంలో చెప్పుకున్నాడు: మధురలో తిరుమల నాయకుడి దగ్గర రెండు వేలు, తంజావూరులో విజయరాఘవుడి దగ్గర వెయ్యి, గోల్కొండ పాదుషా దగ్గర వెయ్యిన్నూరు. పండితులు ఆ పదంలో చరిత్రను వెతుకుతారు. నాకు మాత్రం తన పని ఏ కొలువుకు ఎంత వెళ్ళిందో మరిచిపోకుండా రాసుకున్న మనిషి కనిపిస్తాడు. మొవ్వ పక్కనే కూచిపూడి. అక్కడి భాగవతులు మేళం కట్టి ఊరూరా ఆడేవారు, వచ్చిన సంభావనను వాటాలేసి పంచుకునేవారు. తిరిగే కళకు చిట్టా, వాటా రెండూ మొదటినుంచీ ఉన్నాయి.

మా వైపు కుర్రాళ్ళకు ఎక్కువగా చెప్పే కథ ఘంటసాల గారిది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి పోయాక సంగీతం నేర్చుకోవాలని చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పాఠం చెప్పారు. అన్నం కోసం మాత్రం జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం చేశారు. అదే గొంతు 1971లో యూరపు, అమెరికా వెళ్ళి పాడింది. ఈ కథ చెప్పి, చేతిలో పైసా లేకుండా ఆయన వెళ్ళలేదా, నువ్వూ వెళ్ళు అని ఉసిగొల్పేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఉంగరం అమ్ముకుని చేరిన ఊళ్ళో మన భాష మాట్లాడే గుమ్మాలున్నాయి, జోలె చూడగానే వచ్చినవాడు విద్యార్థి అని తెలుసుకునే తల్లులున్నారు. విదేశం వెళ్ళింది అది జరిగిన మూడు దశాబ్దాల తర్వాత, ఊరూరా పేరు మోగాక. నడుమ ఉన్న ఆ ముప్పై ఏళ్ళను మింగేసి కథ చెబితే వినేవాడు మోసపోతాడు.

ఆ రోజుల నుంచి మనం తీసుకోవలసింది ఇంకొకటుంది. పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరో ఇల్లు, ఇలా ఏడు రోజులకు ఏడిళ్ళు. ఒక ఇంట్లో పెళ్ళో, మైలో, కోపమో వచ్చినా మిగతా ఆరు రోజులు ముద్ద ఆగేది కాదు. విదేశంలో ఒక్క మనిషి మాట మీద, ఒక్క సంస్థ మీద ఆనుకుని వెళ్ళేవాడికి ఏడు రోజులూ ఒకటే గుమ్మం. అది మూసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

చాలా ఏళ్ళ కిందట ఒక గల్ఫ్ దేశంలో ఉగాది కార్యక్రమానికి హార్మోనియం వాయించడానికి వెళ్ళాను. పిలిచినవాళ్ళు వెళ్ళే టికెట్టు మాత్రం పంపారు. తిరుగు టికెట్టు అక్కడికి వచ్చాక చూద్దాం, ఇంకో రెండు కార్యక్రమాలు కుదురుతున్నాయి అన్నారు. నమ్మాను. మొదటి కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది, శాలువా కప్పారు. మిగతా రెండూ కుదరలేదు. మూడో వారానికి ఫోన్లు ఎత్తడం మానేశారు. సందర్శకుల వీసా మీద వెళ్ళి డబ్బుకు వాయించడమే తప్పని కూడా నాకు అప్పటికి తెలియదు, అందుకని గట్టిగా అడగడానికి వెళ్ళే చోటు లేదు. చివరికి మా అవనిగడ్డ వైపు మనిషి, అక్కడ లారీ నడుపుకునే అతను, తన జీతంలోంచి టికెట్టు కొనిచ్చాడు. ఆ బాకీ తీర్చడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. శాలువా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అతను ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాడన్న సంగతి మాత్రం నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

వీధి రాబడికి సున్నా ఎందుకు రాయమన్నానో ఇప్పుడు వివరంగా చెబుతాను. పెద్ద నగరాల్లో వీధి సంగీతానికి ఒక పద్ధతి ఉంది. న్యూయార్క్ సబ్‌వేలో వాయించేవాళ్ళను వాయింపజేసి, విని ఎంపిక చేసే కార్యక్రమం 1985 నుంచి నడుస్తోంది. పారిస్ మెట్రోలో 1997 నుంచి, లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి ఇలాంటివే ఉన్నాయి. వీడియోల్లో వీటిని చూసి మనవాళ్ళు ఆశపడతారు. నగరం ఇచ్చేది చోటుకు అనుమతి. ఆ దేశంలో సంపాదించుకోవడానికి అనుమతి వీసాలో ఉండాలి. ఈ రెండూ వేరు. యూరపు షెంగెన్ పర్యాటక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు తిరగవచ్చు, సంపాదించకూడదు. అమెరికా సందర్శకుల వీసా, బ్రిటన్ సందర్శకుల వీసా కూడా వీధిలో డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోవు. యుఏఈలో అయితే భిక్షాటనే నేరం. జోలె పరిచి వాయిస్తుంటే అది కళా, యాచనా అన్నది తేల్చేది మీరు కాదు, అక్కడి పోలీసు. పట్టుబడితే పోయేది ఆ రోజు పడిన చిల్లర ఒక్కటే అయితే భయపడనక్కర్లేదు. వెనక్కి పంపేస్తారు, ఆ తర్వాత ఏ దేశపు వీసా అడిగినా ఆ మచ్చకు జవాబు చెప్పుకోవాలి.

అందుకని దారి పిలుపులోంచే వెతకాలి. అమెరికాలో పీ-3 అనే వీసా ఉంది. ఒక సంస్కృతికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికో నేర్పడానికో వచ్చేవాళ్ళకు ఇస్తారు. బుర్రకథ, హరికథ, సన్నాయి మేళం, కూచిపూడి లాంటివాటికి సరిపోయే దారి అది. దరఖాస్తు మొదలుపెట్టవలసింది అక్కడ మిమ్మల్ని పిలిచేవాళ్ళు. వాళ్ళు ఆ కాగితాలు పెట్టడానికి సిద్ధంగా లేకుండా, మామూలుగా చుట్టపుచూపు వీసా మీద వచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం అంటే ఆ పిలుపును పక్కన పెట్టండి. బ్రిటన్‌లో ముందుగా కుదిరిన ఆహ్వానం ఉంటే కళాకారులు నెల లోపు డబ్బుకు ప్రదర్శన ఇచ్చే వీలు సందర్శకుల నిబంధనల్లోనే ఉంది. మన దేశం తరఫున కళాకారులను పంపే ఐసీసీఆర్ ఉంది, దాని జాబితాలోకి ఎక్కడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమవుతుంది, అయినా ఆ కాగితం బరువు వేరు.

పదో తరగతి పూర్తి చేయని కళాకారులు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటి 18 దేశాలకు ఉద్యోగ వీసా మీద వెళ్ళాలంటే వాళ్ళకు ముందు మన ప్రభుత్వం నుంచి వలస అనుమతి కావాలి. ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ డోలు వాయించేవాడికి ఇదే కాపు. అనుమతి కోసం వెళ్ళేసరికి ఏజెంటు నమోదైనవాడా కాదా, ఒప్పందంలో జీతం ఎంత అన్నది బయటపడుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఒక హోటల్లో వడ్డించే పని అని రాయించి, సాయంత్రాలు పాడించుకుంటాం అనే ఏజెంటును నమ్మకండి. కాగితం మీద మీరు వడ్డించేవాళ్ళే అవుతారు.

ఇప్పుడు లెక్క. మా వైపు సన్నాయి, డోలు వాయించేవాళ్ళ సంవత్సరం ముహూర్తాల మీద నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం చేతి నిండా పని. ఆషాఢం, మూఢం వస్తే డోలు గోడకు వేలాడుతుంది. విదేశీ ప్రయాణానికి పడే పెద్ద ఖర్చుల్లో ఒకటి ఎవరి పుస్తకంలోనూ కనపడదు: వదులుకున్న ముహూర్తాలు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ అంకెలు మీరు వేసుకోండి. ఇరవై రోజుల ప్రయాణం. రానూపోనూ టికెట్టు 60,000. వీసా, బీమా 15,000. రోజుకు రెండు వేల చొప్పున తిండి, బస 40,000. మీరు లేని నెలకు ఇంటి ఖర్చు 18,000. వాయిద్యం మరమ్మతు 5,000. వదులుకున్న నాలుగు ముహూర్తాలు, ఒక్కోటి ఆరు వేల చొప్పున 24,000. మొత్తం 1,62,000. పిలిచినవాళ్ళు 1,20,000 ఇస్తామన్నారు. లక్షా ఇరవై అనగానే ఇంట్లో అందరి కళ్ళూ మెరుస్తాయి. నిజానికి 42,000 చేతినుంచి పోతోంది. అదే మొత్తానికి టికెట్టు, తిండి, బస పిలిచినవాళ్ళు పెట్టుకుంటే మీ ఖర్చు 62,000కు దిగుతుంది, 58,000 మిగులుతుంది. అదే ప్రయాణాన్ని ఆషాఢంలో పెట్టుకుంటే ముహూర్తాలు పోవు, మిగులు 82,000 అవుతుంది. మన అదృష్టం కొద్దీ పశ్చిమ దేశాల వేసవి పండగలు జూన్, జూలైల్లో వస్తాయి. అమెరికా తెలుగువాళ్ళు రెండేళ్ళకోసారి జరుపుకునే తానా మహాసభలు కూడా జూలై మొదట్లోనే. మనకు ఆషాఢం వచ్చేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. పారితోషికం పెంచమని పోట్లాడే ముందు పంచాంగం తీసి చూడండి.

చేతికి వచ్చేది ఎంత అన్న ప్రశ్న కూడా ముందే అడగాలి. అమెరికాలో స్థిరవాసి కాని కళాకారుడికి ఇచ్చే పారితోషికంలోంచి మామూలుగా 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. తర్వాత తేల్చుకునే దారులు ఉంటాయి, వాటిని ఆడిటరుకు వదిలేయండి. మీరు అడగవలసింది, నా చేతిలో పెట్టేది పన్ను పోగానా, పోకముందా అని. అక్కడ వచ్చిన రాబడిని ఇక్కడి రిటర్నులో కూడా చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు కాగితం ఉంటే ఇక్కడ మినహాయింపు అడగవచ్చు, కాగితం లేకపోతే లేదు.

మేళంగా వెళితే వాటాలు బయలుదేరకముందే రాసుకోండి. సన్నాయికి ఎంత, డోలుకు ఎంత, శ్రుతి పెట్టె పట్టుకునే కుర్రాడికి ఎంత. ఖర్చులు పోను వాటాలా, వాటాలయ్యాక ఎవరి ఖర్చు వాళ్ళదా? ఈ ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల ముప్పై ఏళ్ళ జోడీలు విడిపోవడం చూశాను. సభలో చదివింపులు వస్తే అవి ఎవరివి అన్నది కూడా రాయండి. గాయకుడి చేతిలో పెట్టింది గాయకుడిదే అని ఒకరు, మేళానిది అని మరొకరు అనుకుంటారు. ఇద్దరూ మంచివాళ్ళే అయ్యుంటారు.

అప్పు చేసి వెళ్ళకండి అని చెప్పగలిగితే బాగుండును. చాలామందికి వేరే దారి ఉండదు. కనీసం వడ్డీ లెక్క తెలుసుకుని చేయండి. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. లక్షకు నెలకు రెండు వేలు, పది నెలలకు ఇరవై వేలు. ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద తెచ్చుకునేది ఇంతకంటే తక్కువలో దొరుకుతుంది. ఇంటావిడ డ్వాక్రా సంఘంలో అప్పు తీయించి వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మీరు దేశంలో లేని నెలలో వాయిదా కట్టవలసింది ఆవిడ. సంఘంలో తలెత్తుకు తిరగవలసిందీ ఆవిడే. ఆ రెండు మూడు వాయిదాల డబ్బు ముందే ఆవిడ చేతిలో పెట్టి విమానం ఎక్కండి.

వాయిద్యాల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మనవాళ్ళు తెలియక నష్టపోయేది ఇక్కడే. కంజిరకు ఉడుము తోలు బిగిస్తారు. ఉడుము మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంతర్జాతీయంగానూ దాని తోలు వ్యాపారం నిషిద్ధం. అలాంటి కంజిరతో విమానాశ్రయానికి వెళితే వాయిద్యం పోతుంది, కేసు మీద పడుతుంది. మేకతోలుదో సింథటిక్‌దో తీసుకెళ్ళండి. పాత వీణలకు దంతం పని ఉంటే ఇంట్లోనే ఉంచండి. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో చెక్క, తోలు వస్తువులను దిగగానే మన నోటితో మనమే చెప్పాలి, దాస్తే జరిమానా. ఖరీదైన వాయిద్యాన్ని పట్టుకెళుతుంటే బయలుదేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నది కాదని చూపడానికి అదే ఆధారం. వేషాలకు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు తీసుకెళ్ళేవాళ్ళు దుకాణం బిల్లు సంచిలో పెట్టుకోండి. మా చిలకలపూడి పనివాళ్ళ చేతి నేర్పు ఎంతటిదంటే పక్కన నిలబడి చూసినా బంగారమనే అనుకుంటారు. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. హార్మోనియం సామాన్లలో వేయవలసి వస్తే లోపల మెట్లు కదలకుండా గుడ్డ కూరి, పెట్టె నాలుగు వైపులా మెత్త వేయండి. నా పెట్టెలో మూడు రీడ్లు ఊడిపోయి దిగాయి. ఆ ఉగాది కచేరీ మొత్తం ఆ మూడు స్వరాలను తప్పించుకుంటూ వాయించాను.

డబ్బు మోసుకెళ్ళడం పెద్ద విద్య కాదు. చాలా దేశాలకు ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లుగా పట్టుకెళ్ళవచ్చు, ఎక్కువ కావాలంటే కార్డులో వేయించుకోవాలి. మన రూపాయలు 25,000కు మించి దాటించకూడదు. అక్కడ దుకాణంలో కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, అక్కడి డబ్బులోనా అని యంత్రం అడిగితే అక్కడి డబ్బే ఎంచుకోండి. రూపాయలు అంటే మారకం రేటు వాళ్ళు వేసిందే. షెంగెన్ వీసా రుసుము ప్రస్తుతం 90 యూరోలు, దానికి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా దగ్గర చవక చూడకండి. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకుంటే మీరు దాచిన తిరుగు ఛార్జీ కూడా మిగలదు.

ఇదంతా చదివి ధైర్యం సడలితే, విదేశానికి ముందు ఒక చిన్న ప్రయాణం చేయండి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళున్నారు. సూరత్, భివండీ మగ్గాల దగ్గర ఉన్నారు. చెన్నై, బెంగళూరు సరేసరి. పది రోజులకు రానూపోనూ రైలు టికెట్టు ముందే కొనుక్కుని, తిరుగు టికెట్టు వాయిద్యం పెట్టెలో అడుగున పెట్టి వెళ్ళండి. వీధి రాబడికి సున్నా రాసుకుని వెళ్ళి, ప్రతి రాత్రి పడుకునే ముందు వచ్చింది, పోయింది రాయండి. పది రోజులు క్రమంగా రాయగలిగినవాడికి విదేశంలో ఇరవై రోజులు రాయడం కష్టం కాదు. మూడో రోజున రాయడం మానేస్తే ఇంకో ఏడాది ఆగండి.

తిరిగొచ్చాక జేబులో మిగిలిన విదేశీ డబ్బులో 2,000 డాలర్ల విలువ దాకా నోట్లు ఉంచుకోవచ్చు, మిగతాది 180 రోజుల్లోగా బ్యాంకుకు ఇచ్చేయాలి. నాణేలకు ఈ పరిమితి లేదు, ఎన్నైనా ఉంచుకోవచ్చు. కానీ మన బ్యాంకుల్లో వాటిని మార్చుకోవడం కష్టం. నా దగ్గర ఆ గల్ఫ్ నాణేలు హార్మోనియం పెట్టె అరలో చాన్నాళ్ళు ఉండిపోయాయి. మొన్న నాగాయలంక నుంచి ఒక డప్పు కుర్రాడు అదే దేశానికి వెళుతూ, వీసా కాగితాలు, రానూపోనూ టికెట్టు పట్టుకొచ్చి చూపించాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చదివి చూశాను. వెళ్ళేటప్పుడు ఆ నాణేలు గుడ్డలో మూటగట్టి ఇచ్చాను, దిగగానే టీ తాగడానికి.